హనుమకొండ నుంచి రామప్పకు సైకిల్ మీద: చెరువుల దారిలో రెండు రోజుల ప్రయాణం ఎలా చేయాలి

వారానికి రెండు మూడు రోజులు సైకిల్ తొక్కే అలవాటు ఉండి, ఒక్క పూటలో 40 కిలోమీటర్లు వెళ్లి వచ్చినా మరునాటి పనికి ఇబ్బంది పడనివారు హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి ధైర్యంగా బయలుదేరవచ్చు. ఒక వైపు దూరం సుమారు 70 కిలోమీటర్లు. మొదటి రోజు వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, రెండో రోజు తిరిగి రావడం కొత్తవారికి తగిన పద్ధతి. ఒకే రోజులో వెళ్లి రావడమూ సాధ్యమే గానీ, అలా వెళ్లినవారు గుడి ముందు ఇరవై నిమిషాలు నిలబడి, ఎండ ముదురుతోందని కంగారుపడి వెనుదిరుగుతారు. ఆ గుడిని అలా చూడకూడదని నా అభిప్రాయం.

ఈ దారి గురించి ముందుగా తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ఇక్కడ గంటసేపు ఎక్కించే ఘాట్ రోడ్డు లేదు. నేల మెల్లగా లేస్తుంది, మెల్లగా పడుతుంది. పల్లం కనిపించిన చోటల్లా కాకతీయుల కాలం నుంచీ మనుషులు కట్ట పోసి నీళ్లు ఆపారు. పై చెరువు మత్తడి (నిండిన నీరు పొంగి పోయే అలుగు) దూకిన నీరు వాగై కింది చెరువుకు చేరుతుంది. రోడ్డు ఆ గొలుసుకట్టును అడ్డంగా దాటుకుంటూ పోతుంది. అందుకే ఈ దారిని కిలోమీటరు రాళ్లతో కాకుండా చెరువులతో లెక్కపెట్టుకోవాలని చెబుతాను. ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ గాలి కొడుతుందో, వానాకాలంలో దారి ఎక్కడ తెగుతుందో, ఎక్కడ నీడ దొరుకుతుందో చెరువును చూస్తేనే తెలుస్తుంది.

తేదీ ఎంచుకోవడం

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అనువైన కాలం. మార్చిలో ఉదయం పది దాటితే కష్టం, ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. వానాకాలంలో పచ్చదనం ఎంత పిలిచినా, మూడు రోజులుగా ముసురు పట్టి ఉంటే ఆగిపోండి. ఆత్మకూరుకు, ములుగుకు మధ్య ఉన్న కటాక్షపూర్ చెరువు నిండితే మత్తడి నీరు జాతీయ రహదారి మీదుగానే పారుతుంది. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. పారుతున్న నీటిలో రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు, మోకాలి లోతు ప్రవాహం సైకిల్‌నూ మనిషినీ కలిపి పక్కకు నెట్టేయగలదు. నీరు రోడ్డు మీద పారుతుంటే, ట్రాక్టర్లు దాటుతున్నా సరే, మీరు దాటవద్దు.

మరో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ములుగు మీదుగా వెళ్లే దారి అంతా బస్సులతో, కార్లతో నిండిపోతుంది. జాతర నాలుగు రోజులే అయినా మొక్కులు చెల్లించే జనం అంతకు వారాల ముందు నుంచే కదులుతారు కాబట్టి, జాతర ఉన్న చలికాలంలో ప్రయాణాన్ని డిసెంబరు మధ్యలోపే ముగించుకోవడం మంచిది. రెండోది వరి కోతలు. నవంబరు, డిసెంబరు నెలల్లో పల్లె రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోస్తారు, అంచుల వెంట రాళ్లు పెడతారు, పొద్దుగూకే వేళకు కుప్ప చేసి పరదా కప్పుతారు. మసక వెలుతురులో ఆ రాళ్లు కనిపించవు. ధాన్యం మీదుగా చక్రం పోనివ్వకండి: ఇసుక మీద జారినట్లే జారుతుంది, పైగా అది ఒక ఇంటివారి నాలుగు నెలల కష్టం.

సైకిల్‌ను సిద్ధం చేయడం

వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలే కావాలన్న నియమం లేదు. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ కూడా ఈ దారికి చక్కగా సరిపోతుంది. టైరు వెడల్పు మాత్రం ముఖ్యం. 23 లేదా 25 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు జాతీయ రహదారి మీద బాగానే పరుగెత్తినా, జంగాలపల్లి దగ్గర పల్లె దారిలోకి తిరిగాక ప్రతి గుంతా మణికట్టుకు తెలుస్తుంది. మీ సైకిల్ చట్రంలో పడితే 28 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు వేయించండి. 70 కిలోల బరువున్న మనిషికి 28 టైరులో 75 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత), 32 టైరులో 60 పీఎస్ఐ దరిదాపుల్లో గాలి ఉంటే చాలు. రాయిలా గట్టిగా కొట్టిస్తే వేగం వస్తుందన్నది అపోహ. కంకర తేలిన రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడి మీ శక్తినే తింటుంది.

సీటు ఎత్తును బయలుదేరే రోజు మార్చవద్దు, కనీసం రెండు వారాల ముందే సరిచూసుకోండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమను దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలి దగ్గర కొద్దిపాటి వంపు మిగులుతుంది. బ్రేకులు, చైన్ ఎవరైనా చూసిపెడతారు గానీ, సీటు ఎత్తు మీ మోకాళ్ల సంగతి, దానిని మీరే చూసుకోవాలి.

సంచిలో రెండు ట్యూబులు, అతుకుల పెట్టె, టైరు లీవర్లు, చేతి పంపు, అలెన్ కీలు, వెనుకకు ఎర్రదీపం, ముందుకు తెల్లదీపం, 750 మిల్లీలీటర్ల నీళ్ల సీసాలు రెండు ఉండాలి. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే, దానిని బండి వాల్వుగా మార్చే చిన్న ఇత్తడి అడాప్టర్‌ను తప్పక వేసుకోండి. ఆత్మకూరులోనో ములుగులోనో పంక్చర్ దుకాణంలో గాలి మిషన్ ఉంటుంది గానీ, దాని మూతి మీ వాల్వుకు పట్టదు. అలాగే మీ కొలత ట్యూబు ఆ దుకాణాల్లో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

బయలుదేరే ఉదయం

డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర తరువాతే అవుతుంది. చీకట్లో హైవే ఎక్కకుండా, వెలుతురు పడే వేళకు ములుగు రోడ్డు మీద నగరం అంచున ఉండేటట్టు బయలుదేరండి. పొగమంచు దట్టంగా ఉంటే టీ కొట్టు దగ్గర అరగంట ఆగడం ఆలస్యం కిందికి రాదు. బయలుదేరేముందు కడుపు నిండా తినవద్దు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. ఆ తరువాత ఆకలి వేసేదాకా ఆగకుండా, ప్రతి ముప్పావు గంటకు కొద్దికొద్దిగా తినాలి. దుకాణంలో కొన్న ఎనర్జీ బిళ్లల కంటే పల్లిపట్టీ, ఖర్జూరం నాకు బాగా పనిచేశాయి. ఇంట్లో ముందురాత్రి చేసిన సర్వపిండి ముక్కలు కాగితంలో చుట్టుకుంటే పదింటి దాకా చెడకుండా ఉంటాయి. బియ్యప్పిండి బలానికి పల్లీలు, నువ్వులు, ఉప్పు కూడా తోడవుతాయి కాబట్టి చెమట పోసిన ఒంటికి అది మంచి తిండి.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు తాగండి. ఒక సీసాలో మామూలు నీళ్లు, రెండోదానిలో ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు పెట్టుకోండి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే ఎక్కువ.

మొదటి 20 కిలోమీటర్లే ఈ ప్రయాణంలో ఎక్కువ జాగ్రత్త కోరే భాగం. ఆరెపల్లి దాటి గూడెప్పాడ్ చేరే వరకు పరకాల, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బొగ్గు లారీలు, ములుగు వైపు వాహనాలు ఒకే రోడ్డు మీద కలుస్తాయి. రోడ్డు అంచున ఉన్న తెల్లగీతకు ఎడమవైపు తారు బాగుంటే అక్కడే వెళ్లండి. లేకపోతే గీతకు ఒక అడుగు లోపల, తిన్నగా, వంకరలు పోకుండా తొక్కండి. మట్టి అంచును ఆనుకుని తొక్కేవారికే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వెనుక వచ్చేవాడు చోటు ఉందనుకుని పక్కనుంచే దూరుతాడు, మీరు తప్పుకోవడానికి జాగా ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఒకరి వెనుక ఒకరు ఉండండి. మీరు వెళ్లేది ఈశాన్యం వైపు. చలికాలపు ఉదయం ఎండ ముందు నుంచి కుడిపక్కగా కళ్లలో పడుతుంది. మీ కళ్లలో పడే ఎండ మీ వెనుక వచ్చే డ్రైవరు కళ్లలోనూ పడుతుంది కాబట్టి, పట్టపగలైనా వెనుక ఎర్రదీపం వెలుగుతూనే ఉండాలి.

ఆ కాలంలో గాలి కూడా తరచుగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచే వీస్తుంది. అంటే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి అన్నమాట. వెళ్లే రోజు మీ వేగం గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు తగ్గితే దిగులుపడవద్దు.

కట్ట ఎక్కడం, దిగడం

చెరువు దగ్గర పడుతున్నదని రోడ్డు కంటే ముందు చెట్లే చెబుతాయి. దూరంగా తాటిచెట్ల వరుస, దాని వెనుక ఒకే ఎత్తున అడ్డంగా సాగిన మట్టిదిబ్బ కనిపిస్తే అది కట్ట. కింద ఆయకట్టు పొలాల మధ్య రోడ్డు చదునుగా ఉండి, కట్టను సమీపించగానే కొద్ది దూరంలోనే గబగబా లేస్తుంది. కొత్తవారు చదును మీది వేగంతోనే దానిని దాటేయాలని పెద్ద గేరులో బలంగా తొక్కుతారు. సగంలో కాళ్లు బరువెక్కుతాయి, అప్పుడు బరువు మీద గేరు మార్చబోతే చైన్ కరకరమని ఊడిపోతుంది. ఎత్తు మొదలయ్యే ముందే, కాళ్లు తేలికగా ఉన్నప్పుడే, రెండు గేర్లు దించండి. నిమిషానికి 75 నుంచి 85 చుట్లు తిరిగే లెక్కన పెడళ్లను తిప్పుతూ, కూర్చునే ఎక్కండి. కట్ట పైకి చేరాక వెంటనే బలం పెంచవద్దు: అక్కడ నీటి మీదుగా వచ్చే గాలికి అడ్డు ఉండదు, ఒక్కసారిగా పక్కనుంచి తోస్తుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టకుండా, మోచేతులు వదులుగా వంచి ఉంచండి.

దిగేటప్పుడు మలుపు తరువాత ఏముందో తెలియదనే అనుకోవాలి. తెల్లవారి పశువుల్ని చెరువు వైపు తోలుకువచ్చే వేళ అది. బర్రె రోడ్డు మధ్యలో నిలబడితే గంట కొట్టినా కదలదు, పక్క నుంచి పోబోతే కొమ్ము తిప్పుతుంది. వేగం తగ్గించి, దాని వెనుక వైపు నుంచి వెళ్లండి, ముందు నుంచి కాదు.

కటాక్షపూర్ చెరువు దగ్గర పది నిమిషాలు ఆగడం నాకు అలవాటు. బయలుదేరాక మొదటి విశ్రాంతికి దూరం కూడా సరిపోతుంది. అక్కడి నుంచి మల్లంపల్లి, జాకారం మీదుగా ములుగు చేరేముందు రోడ్డు పక్క గుట్ట మీద గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం వెళ్లే వాహనాలన్నీ అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతాయి కనుక, ఆ చోట రోడ్డు మీదికి హఠాత్తుగా మనుషులు వస్తారు, గాజు పెంకులు, టెంకాయ చిప్పలు పడి ఉంటాయి. నెమ్మదిగా వెళ్లండి.

పంక్చర్ అయితే

ఈ ప్రాంతంలో టైరుకు శత్రువు మేకు కాదు, సర్కారు తుమ్మ. రోడ్డు పక్క కంప కొట్టిన వారం రోజుల దాకా తారు మీద ముళ్లు మిగిలే ఉంటాయి. నేను ఒకసారి మల్లంపల్లి దగ్గర ట్యూబు మార్చి, అర కిలోమీటరు వెళ్లకముందే రెండో ట్యూబు కూడా పోగొట్టుకున్నాను. కారణం నా తొందరే: మొదటి ముల్లు విరిగి, దాని కొస టైరులోనే ఉండిపోయింది, నేను చూడలేదు.

కాబట్టి పద్ధతి ప్రకారం చేయండి. రోడ్డు దిగి, నీడలో సైకిల్‌ను నిలిపి చక్రం ఊడదీయండి. టైరు ఒక అంచును మాత్రమే లీవర్లతో పైకి తీసి, ట్యూబును లాగండి. ట్యూబుకు గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే చిల్లు ఎక్కడో గాలి తగిలి తెలుస్తుంది. వాల్వు నుంచి ఆ చిల్లు ఎంత దూరంలో ఉందో టైరు మీద కొలిస్తే ముల్లు ఉన్న చోటు దొరుకుతుంది. ఆ తరువాత టైరు లోపలి వైపంతా ఒక పాత గుడ్డతో మెల్లగా తుడుస్తూ ఒక చుట్టు తిరగండి. ముల్లు కొస ఎక్కడ ఉన్నా గుడ్డ చిక్కుకుంటుంది, వేలు కోసుకోదు. ఒక ముల్లు దొరికిందని ఆపవద్దు, చుట్టు పూర్తి చేయండి. కొత్త ట్యూబుకు కొద్దిగా గాలి కొట్టి ఆకారం రానిచ్చి లోపల పెట్టి, అంచును బొటనవేళ్లతోనే నెట్టండి. చివర్లో బిగుసుకుపోయిందని లీవరు వాడితే ట్యూబును మీరే చీలుస్తారు.

ఊళ్ల గుండా వెళ్లేటప్పుడు

ములుగు దాటిన కొద్దిసేపటికి జంగాలపల్లి క్రాస్ రోడ్డు వస్తుంది. అక్కడ హైవే వదిలి ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరుతారు. లారీల మోత ఒక్కసారిగా ఆగిపోయి, మీ చైన్ చప్పుడు మీకు వినిపించే చోటు అదే. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

దారి అడిగేటప్పుడు "ఇది రామప్ప దారేనా అన్నా" అని అడగవద్దు. మర్యాద కొద్దీ అవునంటారు. "రామప్పకు ఏ దారిన పోవాలె" అని అడిగితే సరైన జవాబు వస్తుంది. పెద్దవారిని బాపూ అనో, పెద్దమ్మా అనో పిలిచి, కాలు కింద పెట్టి, సైకిల్ దిగి మాట్లాడండి. తాగునీళ్లు అడిగితే కాదనే ఇల్లు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

కుక్కలు తరిమితే వేగం పెంచకండి. సైకిల్ ఆపి, దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నడవండి. కదిలే చక్రం ఆగగానే వాటిలో చాలావరకు అక్కడే నిలిచిపోతాయి. కోతులు కనిపించే చోట తిండి సంచి జిప్పు తెరవవద్దు. కళ్లు తిరగడం, ఒళ్లు జలదరించడం, చెమట ఆగిపోవడం వంటివి కనిపిస్తే అది వడదెబ్బ సూచన; వెంటనే నీడలోకి చేరి, మెడకూ చంకలకూ తడిగుడ్డ పెట్టి, తెప్పరిల్లకపోతే 108కి ఫోన్ చేయండి.

గుడి దగ్గర

పాలంపేట చేరేసరికి పదకొండు కావచ్చు. ఆకలి, అలసట తీరకముందే గుడిలోకి వెళ్లవద్దు. ముందు భోజనం చేసి, రామప్ప చెరువు ఒడ్డున ఉన్న పర్యాటక శాఖ వసతిలోనో, దగ్గరి ఊరిలోనో గది తీసుకుని పడుకోండి. గది సంగతి బయలుదేరడానికి వారం ముందే ఫోన్‌లో ఖాయం చేసుకోవాలి. ఎండ తగ్గాక ఒకసారి, మరునాడు పొద్దున్నే ఇంకొకసారి గుడికి వెళ్లండి. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి ఉదయపు వెలుతురే దానికి నప్పుతుంది.

ఇది పూజలు జరిగే శివాలయం. బిగుతైన సైకిల్ దుస్తుల మీద వేసుకోవడానికి ఒక వదులు ప్యాంటో, పంచో సంచిలో ఉంచుకోండి. అడుగున ఇనుప బిళ్లలున్న సైకిల్ బూట్లతో ఆవరణలో రాళ్ల మీద నడవకండి. మీరు జారడం ఒక ఎత్తు, ఎనిమిది వందల ఏళ్ల నాటి రాయికి గీత పడటం మరో ఎత్తు.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడిని కట్టించాడని ఆవరణలోని శాసనం చెబుతుంది. 2021 జూలైలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. చూసే క్రమం గురించి నా సలహా ఇది: లోపలికి వెళ్లకముందు బయట ప్రదక్షిణ చేయండి. కంటికి ఎదురుగా ఏనుగుల వరుస గుడి చుట్టూ నడుస్తూ ఉంటుంది. ఆ తరువాత తల ఎత్తితే చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే చూరును మోస్తున్నట్టు నిలిపిన స్త్రీ శిల్పాలు, కనిపిస్తాయి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలూ మండపంలోని స్తంభాలూ అద్దంలా నునుపు తేరిన నల్లరాయి; ఆ తేడా వెలుతురు ఏటవాలుగా పడినప్పుడే బాగా తెలుస్తుంది. పైన శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి, పునాది కింద ఇసుక నింపారు. బరువు తగ్గించుకోవడం, కింద కొంత కదలికకు చోటు వదలడం ఎందుకో, వదులు మోచేతులతో గుంతల దారి దాటి వచ్చినవారికి ఇట్టే అర్థమవుతుంది. గుడిని, చెరువును ఒకే మనిషి తలపెట్టాడన్న సంగతి గుర్తుంచుకుని కట్ట మీదికి కూడా నడిచి వెళ్లండి.

రెండో రోజు

కాళ్లలో బలం ఉంటే పొద్దున్నే ఘనపురం కోటగుళ్లకు వెళ్లి రండి. పాలంపేట నుంచి గంటలోపు ప్రయాణం. మట్టికోట గోడ లోపల ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లు ఒకేచోట ఉన్నాయి. జనం తక్కువ, శిథిలం ఎక్కువ, పక్కనే ఘనపురం చెరువు. అక్కడి నుంచి చెల్పూరు, రేగొండ, పరకాల మీదుగా హనుమకొండకు వేరే దారి ఉంది గానీ, థర్మల్ కేంద్రం, బొగ్గు గనుల లారీలు తిరిగే ఆ రోడ్డును సైకిల్‌కు నేను సిఫారసు చేయను. వచ్చిన దారినే తిరిగి రండి. హైవే విసుగనిపిస్తే మల్లంపల్లి దగ్గర ఎడమకు తిరిగి నల్లబెల్లి, నర్సంపేట మీదుగా వరంగల్ చేరవచ్చు. దూరం పెరుగుతుంది, రద్దీ తగ్గుతుంది.

లక్నవరం చెరువును కూడా చూడాలనుకుంటే మూడో రోజు కేటాయించండి. జంగాలపల్లి నుంచి హైవే మీద ముందుకు వెళ్లి, గోవిందరావుపేట మండలంలో బుస్సాపూర్ వైపు కుడికి తిరగాలి. చివరి భాగం అడవిలో గుట్టల మధ్య మెలికలు తిరుగుతుంది, ఆ ప్రాంతంలో పొద్దుగూకాక సైకిల్ తొక్కవద్దు.

ఇల్లు చేరిన సాయంత్రమే రెండు టైర్లనూ వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. రబ్బరులో దిగబడి ట్యూబు దాకా ఇంకా చేరని ముళ్లు ఒకటో రెండో కచ్చితంగా దొరుకుతాయి. పిన్నీసు మొనతో వాటిని పెకలించి, చైన్ మీది దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, లింకుకో చుక్క చొప్పున నూనె వేసి, గాలి ఎంతుందో రాసిపెట్టుకోండి. మరునాటి ఉదయానికి ఏ చక్రంలో గాలి తగ్గితే ఆ టైరును మళ్లీ విప్పి గుడ్డతో ఒక చుట్టు తుడవండి.